గీత తప్పని గజరాజు

2004 డిసెంబరు సునామీ తర్వాత పోర్ట్‌బ్లెయిర్‌కు సాయం మోసుకెళ్లిన విమానాల్లో వాయుసేన ఐఎల్-76లున్నాయి. గజరాజ్ అని పేరు. నాలుగు ఇంజన్లు, నిండా బరువెత్తితే 190 టన్నులు. ఊరు 2024లో శ్రీ విజయపురమైంది, రన్‌వే వెడల్పు మాత్రం 45 మీటర్లే. గజరాజ్ రెక్కల కొసలు ఆ అంచులు దాటిపోతాయి.

నాకు అబ్బురమనిపించేది నేల వదలకముందు పైలట్ చేతులు, పాదాలు చేసే పని. ముక్కు చక్రాన్ని మధ్యగీత మీద నిలబెట్టి, నాలుగు థ్రాటిళ్లనూ మెల్లగా, సమంగా ముందుకు తోస్తారు. ఒక్కో ఇంజనుది 12 టన్నుల తోపు. ఒక పక్కది ముందే అందుకుంటే ముక్కు రెండో పక్కకు తిరుగుతుంది. మొదట్లో తోక మీది చుక్కానికి గాలి చాలదు, ముక్కు చక్రమే దిక్కు. వేగం పెరిగేకొద్దీ భారమంతా చుక్కానిని తిప్పే, పాదాల కింది పెడళ్ల మీదికొస్తుంది.

బయటి ఇంజను ఆగిపోతేనే అసలు పరీక్ష. మధ్యకు దూరంగా ఉంటుంది కనుక దాని లోటు విమానాన్ని గట్టిగా తిప్పేస్తుంది. చుక్కానికి ఇంకా పట్టు దొరకని వేగంలో అలా జరిగితే మారుమాట లేదు, నాలుగు థ్రాటిళ్లూ వెనక్కి లాగాల్సిందే. పట్టు దొరికే కనీస వేగాన్ని తేల్చే పరీక్షలో ప్రయాణికుల విమానం పక్కకు జరగడానికి నిబంధనలు ఇచ్చేది 30 అడుగులే!

ఎయిర్‌బస్ ఎ380కైతే బయటి ఇంజన్ల మధ్య దూరమే 51 మీటర్లు. 45 మీటర్ల వెడల్పు రన్‌వే మీద అవి అంచు దాటి వేలాడతాయి, కింద రాయి ఉంటే పీల్చేస్తాయి. అందుకే రన్‌వే అంచుల్లో రాయీరప్పా ఏరే సిబ్బందికీ ఈ మెచ్చుకోలులో సగం వాటా ఇస్తాను.