బారు, రమ్ము, కప్పు, మెను

ఈ నాలుగు మాటలూ పాదానికొకటి చొప్పున వచ్చేలా, పల్నాటి రైతు వాన కోసం వేడుకుంటున్నట్టు తేటగీతిలో పద్యం చెప్పాలి. ఒక్క మాట కూడా ఇంగ్లీషు అర్థంలో రాకూడదు. అవధాన సభలో దీన్ని దత్తపది అంటారు. అడిగేవాడు పృచ్ఛకుడు, చెప్పేవాడు అవధాని. మాటలూ విషయమూ ఇక్కడ నేను పెట్టుకున్నవే. ఇలాంటి కొంటె మాటలు ఇవ్వడం మాత్రం సభల్లో మామూలే.

ఈ మాటలు బార్ అండ్ రెస్టారెంట్ బోర్డు మీద నుంచి ఎత్తుకోవడానికి కారణం ఉంది. క్విజ్ అనే ఆట ఇవాళ చాలా దేశాల్లో ఆడుకునేది అలాంటి చోట్లే. 1970లలో ఇంగ్లండు పబ్బుల్లో జనం పలచగా ఉండే రాత్రుల కోసం పెట్టిన క్విజ్ ఊరూరా పాకింది. అమెరికా బార్లలో బల్లమీద చిన్న మీటల పెట్టె పెట్టి, గోడమీది టీవీలో ప్రశ్న వేసి, ఊళ్ళ మధ్య పోటీ నడిపారు. మన దేశంలో మాత్రం క్విజ్‌కి పబ్బుతో పని పడలేదు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నడిపినది చర్చి హాల్లో జరిగింది. హైదరాబాదులో కె-సర్కిల్ 1972 నుంచి ఉంది. పబ్బుల్లో క్విజ్ రాత్రులు మన నగరాలకు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి.

ఆ ఆటలో అడిగేవాడు ఒకడు, చెప్పేవాళ్ళు నలభై మంది. జవాబు ముందే కాగితం మీద రాసి ఉంటుంది. గుంటూరు, ప్రకాశం మిరప చేల మధ్య నూరేళ్ళ కిందట జనం బళ్ళు కట్టుకుని వెళ్ళి చూసిన ఆట దీనికి తలకిందులు. అదే అష్టావధానం. అడిగేవాళ్ళు ఎనిమిది మంది, చెప్పేవాడు ఒక్కడు. ఇక జవాబంటారా, అడిగినవాడికే తెలియదు. అప్పటికది పుట్టలేదు కాబట్టి.

సరే, దత్తపదికి వద్దాం. అవధాని నోట నిమిషంలో వచ్చేది నాకు కాగితం మీద ఒక సాయంత్రం పట్టింది.

బారు తీరిన మబ్బుల బంతి వీడి
రమ్ము వానమ్మ! పల్నాటి రైతు మిద్దె
కప్పు తడియగ జల్లులు కలయజల్లి,
తల్లి పుడమమ్మ! యామెను దడుపుమమ్మ!

గొప్ప పద్యమేమీ కాదు. కానీ వడ్రంగి బల్ల బోర్లించి చూపించినట్టు దీన్ని తిప్పి చూపిస్తే పనితనం ఎక్కడుంటుందో తెలుస్తుంది. తేటగీతిలో పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. బారు, రమ్ము, కప్పు మూడూ గురువు, లఘువు. అంటే సూర్యగణంలో ఒక రకం. అందుకని హాయిగా పాదం మొదట్లో కూర్చున్నాయి. కూర్చున్నాక బేరం మొదలవుతుంది. రమ్ముతో మొదలుపెట్టావు కదా, నాలుగో గణం దగ్గర రకారం తెచ్చి చూపించమంటుంది ఛందస్సు. రైతు విషయంలోనే ఉన్నాడు కాబట్టి బతికిపోయాను. బారుకు బంతి దొరికింది. బంతి అంటే వరుస, భోజనాల బంతి. మబ్బులు వడ్డనకు కూర్చున్నట్టు ఉన్నాయనే ఊహ నాకు ముందు లేదు. యతి కోసం తడుముకుంటుంటే చేతికి తగిలింది.

చిక్కంతా మెనుతోనే. తెలుగులో మెను అనే మాట విడిగా లేదు. ఆమెను అన్నప్పుడు మాత్రం లోపల దాక్కుని ఉంటుంది. ఆమెను అంటే గురువు, రెండు లఘువులు, భగణం. అది ఇంద్రగణం కాబట్టి పాదం మొదట్లో పెట్టడానికి వీల్లేదు, రెండో చోటో మూడో చోటో వెతకాలి. ఆమె ఎవరు? వాన తడపవలసిన ఆడదెవరు? నేలతల్లి. కాబట్టి ముందు తల్లిని తేవాలి, తెస్తే తకారానికి యతి కావాలి. ఆమెను తర్వాత తడుపుము అంటే సంధిలో తకారం దకారమై దడుపుము అవుతుంది. త, ద ఒకే వర్గం, యతి చెల్లుతుంది. తాళంచెవి తిరిగినట్టు టక్కుమని పడే ఈ చప్పుడు కోసమే పాతవాళ్ళు పద్యం పిచ్చిలో పడ్డారని నా అనుమానం.

నేను చేసింది ఇంతే, అదీ తీరిగ్గా. అవధాని ఈ పద్యం మొత్తం ఒక్కసారి చెప్పడు. మొదటి ఆవృత్తిలో ఒక పాదం చెప్పి వదిలేస్తాడు. తర్వాత మిగిలిన ఏడుగురి దగ్గరికీ వెళ్ళి వస్తాడు. సమస్య, వర్ణన, నిషిద్ధాక్షరి, వ్యస్తాక్షరి, పురాణపఠనం, అప్రస్తుత ప్రసంగం... సభను బట్టి అంశాలు కొద్దిగా మారతాయి. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు. మొత్తం ఎన్ని దెబ్బలో ఆఖర్న చెప్పాలి. అరగంట తర్వాత దత్తపది దగ్గరికి మళ్ళీ వచ్చేసరికి "మబ్బుల బంతి వీడి" దగ్గర వదిలిన కొస తలలో అలాగే వేలాడుతూ ఉండాలి. నాలుగు ఆవృత్తులూ ముగిశాక ధారణ. కాగితం ముక్క లేకుండా అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఇదే నూరుమందితో అయితే శతావధానం, వెయ్యిమందితో అయితే సహస్రావధానం, అది రోజుల తరబడి సాగుతుంది.

వ్యస్తాక్షరి గురించి ఎక్కువ చెప్పను. ఒక వాక్యాన్ని అక్షరాలుగా చిందరవందర చేసి, "పదకొండో అక్షరం ర్చి" అని మధ్యమధ్యలో చీటీలు అందిస్తారు, చివర వాక్యం చెప్పాలి. జ్ఞాపకశక్తి చాలు. నా కళ్ళు చెదిరేది నిషిద్ధాక్షరి దగ్గర. అక్కడ అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని వద్దంటాడు. పత్తిచేను మీద సీసపద్యం మొదలుపెట్టారనుకుందాం. అవధాని "తె" అన్నాడు. తెల్ల అనబోతున్నాడని పసిగట్టి పృచ్ఛకుడు "ల్ల వద్దు" అన్నాడు. అవధాని "లి" అన్నాడు. తెలి అన్నా తెలుపే. "ప వద్దు." తెలిపత్తి పోయింది. "మ." "బ్బు వద్దు." తెలిమబ్బూ పోయింది. "ల్లె." తెలిమల్లె! పత్తికాయ పగిలి మల్లె పూసింది, సీసం మొదటి ఇంద్రగణం లెక్క తప్పకుండా నిండింది. నాలుగు అక్షరాల్లో ఎవరు ఎవరిని గెలిచారు? ఇద్దరూ కలిసి చేసిన మాట అది. పృచ్ఛకుడు అడ్డం పడకపోతే తెల్ల పత్తి అనే చప్పిడి మాట దగ్గరే ఆగిపోయేది. అవధానిని పొగిడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడికి శాలువా కప్పేటప్పుడు మాత్రం సభ సగం ఖాళీ అయి ఉంటుంది. నా దృష్టిలో ఆట సగం ఆయనదే. అవధాని పదసంపద అంతా ఆయన తలలోనూ ఉండాలి, అతని ఆలోచనకు ఒక్క అక్షరం ముందు నడవాలి. అలాగని పద్యం చంపేసేంత బిగించనూ కూడదు.

అప్రస్తుత ప్రసంగి ఇంకో తరహా మనిషి. బార్లో పక్క బల్ల నుంచి కేకలేసే వాడికి అవధానంలో అధికారికంగా కుర్చీ వేశారు. అవధాని యతి కోసం కళ్ళు మూసుకున్న క్షణం చూసి, "అవధానిగారూ, గుంటూరు మిరపకాయ తిన్నవాడికి కళ్ళ నీళ్ళొస్తాయి సరే, పండించినవాడికి ఎప్పుడొస్తాయండీ?" అంటాడు. "యార్డులో ధర చెప్పినప్పుడు నాయనా" అని నవ్వించి మళ్ళీ యతి దగ్గరికి వెళ్ళాలి. మాట తడబడితే సభ పట్టు జారిపోతుంది, కోప్పడితే అసలే పోతుంది.

ఈ ఆటకు ఈ సీమలో పెద్ద పేరు కొప్పరపు సోదర కవులది. నరసరావుపేట దగ్గర కొప్పరం వాళ్ళ ఊరు. అన్న వేంకట సుబ్బరాయ కవి 1885లో, తమ్ముడు వేంకట రమణ కవి 1887లో పుట్టారు. ఆ ఊరికి అద్దంకి పెద్ద దూరమేమీ కాదు. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 ప్రాంతానిది. తెలుగులో మనకు తెలిసిన తొలి పద్యశాసనం, తరువోజ ఛందం. ఈ నల్లరేగడికి పద్యం అప్పటి పంట. సోదరుల బలం ఆశుకవిత్వం. ఒకరు పాదం వదిలితే ఇంకొకరు అందుకునేవారు. రాసుకునేవాడి కలం వెనకబడేదని చెప్పుకుంటారు. గంటకు వందల్లో పద్యాలన్న లెక్కలూ ప్రచారంలో ఉన్నాయి. అప్పటికే ఆంధ్రదేశమంతా తిరిగి అవధానాన్ని రాజాస్థానాల నుంచి ఊరి సభల దాకా తెచ్చిన జంట తిరుపతి వేంకట కవులు, దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి. ఆ జంటకూ ఈ జంటకూ గుంటూరు సీమలో పడ్డ పోటీ పద్యాలతో మొదలై తిట్టుపద్యాల దాకా వెళ్ళింది. ఊళ్ళు రెండుగా చీలి పందెం కోళ్ళ మీద కట్టినట్టు కవుల మీద పంతాలు కట్టాయి. పాండిత్యానికి అది శోభ కాదని పెద్దలు అన్నారు. నాకు మాత్రం ఛందస్సు కోసం జనం కొట్టుకునేదాకా వెళ్ళిన కాలం ఒకటి ఉందంటే కొంచెం అసూయగానే ఉంటుంది.

అసూయ పడకూడని సంగతీ ఉంది. వినుకొండలో కొప్పరపు కవుల సభలో యువకుడు గుర్రం జాషువా పద్యాలు చదివితే, అతని కులం ఎత్తి సభలో అవమానించారని ఆయన జీవితగాథ చెప్పేవాళ్ళు రాశారు. ఎవరైనా అడగవచ్చు అనే ఆటలో, ఆ ఎవరైనా అన్న మాటకు హద్దులుండేవి. ఆ రోజు సభలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఇవాళ ఎవరికీ తెలియవు. జాషువా పద్యం మాత్రం హరిశ్చంద్ర నాటకం ఆడే ప్రతి ఊళ్ళోనూ కాటిసీనులో వినిపిస్తుంది.

ఇంకో లోపం కూడా ఒప్పుకోవాలి. అవధాన పద్యాల్లో నిలిచేవి తక్కువ. సోదర కవులు చెప్పిన వేలలో మనకు మిగిలినవి కొద్ది. మిగిలినవాటిలోనూ చాలా వాటికి సభ వేడి పోయాక చదివితే రుచి ఉండదు, మిరపకాయ బజ్జీ చల్లారితే ఎలా ఉంటుందో అలా. దానికి నాకు బాధ లేదు. పని జరుగుతుంటే చూడవలసిన విద్య ఇది, కుమ్మరి సారె మీద కుండ లేస్తున్నంతసేపూ చూసినట్టు. కొన్ని సభల్లో సమస్యలు ముందే అవధాని చెవిన పడతాయన్న మాట కూడా ఉంది. అలాంటి సభ ఒకటి నేనూ చూశాను. పూరణ అడగకముందే తయారైనట్టు అనిపించింది. పద్యం బాగుంది, నాకు మాత్రం టికెట్టు లేకుండా సినిమా చివరి రీలు చూసినట్టయింది.

ఇక సమస్య. అర్థం లేనిదో, అపచారంగా తోచేదో ఒక పాదం ఇస్తారు. దానికి మిగిలిన పాదాలు చేర్చి న్యాయం చేయాలి. అష్టావధానంలో జనానికి అన్నిటికంటే తెలిసిన అంశం ఇదే. ఆకాశవాణి ఏళ్ళ తరబడి సమస్యాపూరణం నడిపింది. వారం వారం సమస్య చెబితే శ్రోతలు పూరణలు రాసి పంపేవారు. బడిపంతుళ్ళు, పోస్టుమాస్టర్లు, కరణాలు... బల్లమీద మీటలు లేవు, పోస్టు కార్డే మీట.

ఒక సమస్య నేనే చేసి పెడుతున్నాను, ఆటవెలది నాలుగో పాదం: "మిరపకాయ దిన్న మేను చలువ." ఐదు సూర్యగణాలు, మి-మే యతి, లెక్క సరిపోయింది. అర్థమే అడ్డం తిరిగింది. మిరపకాయ తింటే ఒళ్ళు చల్లబడడమేమిటి? ఒక దారి చెబుతాను. మూడో పాదం "చల్ల" అనే మాటతో ఆపండి. నాలుగో పాదంలోని మిరపకాయ దాని పక్కన చేరి చల్లమిరపకాయ అవుతుంది. మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టి, నూనెలో వేయించి, పెరుగన్నంలో నంజుకునేది. వేసవిలో ఒంటికి చలువే కదా.

ఆ దారి నేను వాడేశాను కాబట్టి అది మీకు నిషిద్ధం. ఇంకో దారి చూసి మూడు పాదాలూ పూరించండి. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. యతి మరిచిపోకండి.