కిన్నెర మొగిలయ్య, చౌరస్తా రామ్

ఆత్మకూరు నుంచి సంగమేశ్వరం పోయి పడవెక్కి కృష్ణ దాటితే నాగర్‌కర్నూల్ జిల్లా. నల్లమల అటూ ఉంది, ఇటూ ఉంది. అటువైపు లింగాల మండలానికి చెందిన దర్శనం మొగిలయ్య, హైదరాబాదు బ్యాండు చౌరస్తాతో పేరు తెచ్చుకున్న రామ్ మిరియాల 2021 సెప్టెంబరులో ఒకే పాటలో వినిపించారు. తమన్ బాణీ కట్టిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట అది. ఎత్తుగడ మొగిలయ్యది. డప్పులూ డ్రమ్సూ అందుకున్నాక ఇంకొన్ని గొంతులతో కలిసి వచ్చేది రామ్.

ఆ ఎత్తుగడలో మొగిలయ్య హీరో బలాన్ని పొగడరు. ఏ తాండాలో పుట్టాడో, తల్లి ఎవరో, తండ్రి, తాత ఎవరో వరసగా చెబుతారు. ఆయన లాంటి డక్కలి కళాకారులు తరాలుగా చేస్తున్న పని అదే, వంశం చెప్పడం. ఆయన వాద్యం కిన్నెర: వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలిపిన పన్నెండు మెట్లు. గొంతు ఆగిన చోట కిన్నెర బదులిస్తుంది, అది ముగిశాకే కథ కదులుతుంది. పెద్దల్ని కొట్టి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథను మొగిలయ్య చెబుతారు, దానికి ఆ తీరిక కావాలి.

రామ్ గొంతుకు ఆ ఆగడం తెలియదు. అది నాకు న్యూవేవ్ రాక్‌ను గుర్తు చేస్తుంది. 1970ల చివర లండన్, న్యూయార్క్‌లలో న్యూవేవ్ రాక్ గాయకులు పాటను మాటకు దగ్గరగా లాగి, పదునైన లయ మీద నిలబెట్టారు. ‘ది పోలీస్’ బృందం 1978లో ‘రోక్సాన్’ పాటకు జమైకా రెగే లయను వాడుకుంది. అదే రెగేను చౌరస్తా మన పల్లెపదానికి కలిపింది. ఒక తేడా ఉంది, అది నాకు ముఖ్యం. పోలీస్ గాయకుడు స్టింగ్ ఇంగ్లండు మనిషి అయ్యుండీ జమైకా యాసను కూడా గొంతులోకి తెచ్చుకున్నాడు. రామ్ లయను మాత్రమే తీసుకుని యాస మనదే ఉంచాడు. అందుకే ఆ పాటలు అరువు సరుకులా వినిపించవు.

2022లో వచ్చిన ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు మాటలు కాసర్ల శ్యామ్‌వి, బాణీ, గొంతు రామ్‌వి. సాయన్న కథతో పోల్చి వింటే ఇదీ వీరగాథే. ఇందులో తాతల పేర్లు లేవు, హైదరాబాదు బస్తీల పేర్లున్నాయి. పేదలకు పంచింది ఏమీ లేదు, డీజే పెడితే పేటలన్నీ ఆడతాయన్న ధీమా ఉంది. వంశం తెలియని ఊళ్లో మనిషికి గుర్తింపు తన వీధి నుంచే వస్తుందని ఈ పాట సరిగ్గా పట్టుకుంది. కానీ సాయన్న కథ విన్నాక సాయన్న మీద గౌరవం కలుగుతుంది. టిల్లు పాట విన్నాక కాళ్లు కదులుతాయి, మనిషి మాత్రం గుర్తుండడు. సినిమా పాటల కంటే రామ్ చౌరస్తాతో పాడినవే నాకు ఎక్కువ ఇష్టం. వాటిలో పొగడాల్సిన హీరో లేడు. పాడేవాడి బెంగ ఉంది.

సినిమా ఇద్దరినీ పిలిచింది, ఒకేలా వాడుకోలేదు. రామ్ పాట మూడు నాలుగు నిమిషాల్లో ఒదుగుతుంది. ఏ కథకైనా సరిపోతుంది. బాణీ కూడా తనే కట్టగలడు కాబట్టి మళ్లీ మళ్లీ పిలుపు వచ్చింది. మొగిలయ్య కథలో ఉపోద్ఘాతమంత ముక్కే సినిమాకు పనికొచ్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాదు శివార్లలో భవన నిర్మాణ కూలీగా వార్తల్లో కనిపించారు. సన్మానాలు చాలానే జరిగాయి. సాయన్న కథను మొదటి నుంచి చివరిదాకా, కిన్నెర విరామాలతో సహా మంచి స్టూడియోలో రికార్డు చేయించి, దాని మీద వచ్చే రాబడి ఆయనకే అందేలా చూడటం సంగీత కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. పక్కన గిటారు పట్టుకుని కూర్చోవడానికి రామ్ లాంటివాళ్లు కూడా ఉన్నారు.