మంద పక్కన పడుకున్నవాడి ఆకాశం

పంట కోసిన చేలో రాత్రిపూట గొర్రెల మందను ఆపడం మన పల్లెల్లో పాత ఒప్పందం. చుట్టూ వల కట్టి, నడుమ జీవాలను పడుకోబెడతారు. వాటి పెంట, మూత్రం చేనుకు బలం. అందుకు రైతు కాపరికి గింజలో, డబ్బులో ఇస్తాడు. రెండు మూడు రాత్రులయ్యాక మంద పక్క చెక్కకు జరుగుతుంది. ఇలా ఏడాదిలో నెలల తరబడి కాపరి తలమీద కప్పు లేకుండా నిద్రపోతాడు. నిద్రపోతాడనడం కూడా సరికాదు. తోడేలు రావచ్చు, దొంగ రావచ్చు, ఈనే గొర్రె అరవవచ్చు. అందుకే వంతులవారీగా కాపలా ఉంటుంది.

పాలమూరు పల్లెలో మా తాత మంద దగ్గర చిన్నప్పుడు నేనూ కొన్ని రాత్రులు గడిపాను. ఆయన చేతికి గడియారం ఉండేది కాదు. కార్తీకపు చలిలో భుజం తట్టి, "లే బిడ్డా, పిల్లలకోడి నెత్తిమీదికొచ్చింది, ఇగ నీ వంతు" అనేవాడు. కళ్ళు నులుముకుంటూ పైకి చూస్తే, తల్లికోడి చుట్టూ పిల్లలు మూగినట్టు చిన్న చుక్కల గుంపు నడినెత్తిన కనబడేది. పంచాంగంలో కృత్తిక అనే నక్షత్రం అదే. అప్పటికి నడిరేయి అయ్యేది.

చుక్కలతో జాము లెక్క

తాత చెప్పిన గుర్తులో చిన్న మెలిక ఉంది. చుక్కలు ప్రతిరోజూ ముందటి రోజుకంటే నాలుగు నిమిషాలు ముందే పొడుస్తాయి. నెల తిరిగేసరికి అది రెండు గంటలవుతుంది. నవంబరు నడుమ అర్ధరాత్రి నెత్తిమీద ఉన్న పిల్లలకోడి, డిసెంబరు నడుమ పది గంటలకే అక్కడికి చేరుతుంది. సంక్రాంతి నాటికి ఎనిమిదింటికే వచ్చేస్తుంది. కాబట్టి చుక్కను గుర్తుపడితే చాలదు, ఏ నెలలో చూస్తున్నామో కూడా తెలియాలి. ఈ లెక్కను తాత ఎప్పుడూ నోటితో చెప్పలేదు. నెల మారితే ఆయన గుర్తే మారిపోయేది.

వేసవి వస్తే పిల్లలకోడి సూర్యుడి వెలుగులో మరుగవుతుంది. అప్పుడు మంచంకోళ్ళు పనికొస్తాయి. కథలో సప్తర్షుల్లోని నాలుగు చుక్కలు ఒక ముసలమ్మ మంచానికి నాలుగు కోళ్ళు. తోకలోని మూడు చుక్కలు ఆ ముసలమ్మ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. వైశాఖంలో పొద్దుగూకగానే ఉత్తరాన ఎత్తుగా ఉండే ఆ మంచం, వాయవ్యాన నేలకు దిగిందంటే తెల్లవారుజాము దగ్గరపడినట్టే. కథ కాబట్టి పిల్లవాడికి గుర్తుంటుంది, గుర్తుంది కాబట్టి పనికొస్తుంది.

దిక్కుకు గుర్తు గొల్లకావడి. మా వైపు కావడిబద్దలా వరుసగా నిలిచిన మూడు చుక్కలను అలా పిలిచేవారు. అవి దాదాపు సరిగ్గా తూర్పున పొడిచి, సరిగ్గా పడమట కుంకుతాయి. ఊరు కాని ఊళ్ళో, కొత్త చేలో మంద దింపిన కాపరికి ఇంతకంటే నమ్మకమైన దిక్సూచి ఏముంటుంది?

చంద్రుడి లెక్క వేరు. పున్నమి దాటాక అతను రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమి వచ్చేసరికి నడిరేయి దాకా చీకటే. అంటే ఆ పక్షంలో మొదటి వంతు కాపలాదారుకే చూపు ఎక్కువ కావాలి, కుక్కలను దగ్గర ఉంచుకోవాలి. వేసవి పున్నమికి మాత్రం పగటి ఎండలో మేయని జీవాలను వెన్నెల్లో మేపుకోవచ్చు.

కార్తె, జీవం, గడ్డి

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఆ కాలమే కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. రోహిణికి రోళ్ళు పగులుతాయని, మృగశిరకు ముంగిళ్ళు చల్లబడతాయని రైతు అంటాడు. కాపరి దాని పక్కనే ఇంకో లెక్క పెట్టుకుంటాడు.

తొలకరికి లేతగడ్డి మొలుస్తుంది. ఎండాకాలమంతా ఎండుపోచలు నమిలిన గొర్రె దానిమీద పడి కడుపునిండా మేస్తుంది. బాగా బలిసిన పిల్లే ఉన్నట్టుండి గిలగిలా కొట్టుకుని చచ్చిపోతుంది. చిటికె వేసినంతలో ప్రాణం తీస్తుంది కాబట్టి దాన్ని చిటుకు రోగం అన్నారు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి విషం చిమ్మడమే కారణం. అందుకే వానలకు ముందే టీకా వేయించాలని పశువైద్యులు చెబుతారు. టీకాలు లేని రోజుల్లో కాపరి చేతిలో ఉన్నది ఒక్కటే: కార్తె చూసి, లేతగడ్డి మీదికి మందను ఒక్కసారిగా వదలకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయడం.

వానాకాలం పొద్దున్నే మందను తోలుకుపోకపోవడమూ ఇలాంటిదే. "మంచు ఆరనీ" అనేవాడు తాత. తడిసిన గడ్డిపోచల మీదికి కడుపుపురుగుల పిల్లలు పాకుతాయని, ఎండ తగిలితే వాటి బెడద తగ్గుతుందని శాస్త్రం చెబుతుంది. తాతకు పురుగు కనబడలేదు. తడిగడ్డి మేసిన గొర్రె పారుకోవడం కనబడింది, అంతే.

వాన కబురు

చంద్రుడి చుట్టూ కనబడే వలయాన్ని గుడి కట్టడం అంటాం. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అని సామెత. దూరపు గుడి చాలా ఎత్తున పరుచుకున్న పలుచని మబ్బులోని మంచు పలుకుల వల్ల ఏర్పడుతుంది. వాయుగుండం వచ్చేముందు అలాంటి మబ్బుతెర తరచూ ముందుగా పాకుతుంది. దగ్గర గుడి అలా కాదు, మబ్బులోని సన్నని నీటిబిందువుల వల్ల కడుతుంది, దానితోనే వాన వస్తుందని చెప్పలేం. సామెత ప్రతిసారీ నిజం కాకపోయినా, చూపు మాత్రం సరైనచోటే ఉంది.

మంచి కాపరి ఒక్క గుర్తును పట్టుకుని మందను కదపడు. గాలి మళ్ళిందా, ఉక్క పెరిగిందా, తూనీగలు నేలకు దగ్గరగా ఎగురుతున్నాయా, జీవాలు మేత మాని ఒకదాని కడుపు కిందికి ఒకటి తలలు దూరుస్తున్నాయా అని చూస్తాడు. నాలుగూ ఒకే మాట చెబితేనే మందను పల్లపు చేలో నుంచి మెరక మీదికి మారుస్తాడు. రాత్రంతా బురదలో నిలబడితే గొర్రెకు గిట్టల నడుమ పుండ్లు పడతాయి. ముందే మెరకకు చేర్చినవాడి మంద కుంటదు.

తనకేమో గొంగడి ఉంటుంది. దక్కనీ నల్లగొర్రె ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగడి చలికి కప్పు, నేలకు పరుపు, చినుకులకు గొడుగు. ఏ జీవాన్ని కాస్తున్నాడో దాని ఉన్నే అతన్నీ కాస్తుంది.

ఈ జ్ఞానంలో దిద్దుకోవలసినవీ ఉన్నాయి. ఉరుములప్పుడు మందతో చెట్టు కిందికి చేరడం పాత అలవాటు. అది ప్రాణాంతకం. మెరుపుకీ ఉరుముకీ నడుమ మూడు సెకన్లయితే పిడుగు కిలోమీటరు దూరంలో పడ్డట్టు. ముప్పై సెకన్లలోపు ఉరుము వినబడితే గట్టి కప్పు కిందికి చేరాల్సిందే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఇప్పుడు ఫోన్‌లోనే హెచ్చరిస్తుంది. కాపరి జేబులో అది ఉండి తీరాలి. తాతల చూపు, నేటి పరికరం ఒకదానికొకటి అడ్డు కావు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలవే. మందలు తగ్గలేదు, వాటి పక్కన వెల్లకిలా పడుకుని పైకి చూసేవాళ్ళు తగ్గారు. ఊరిచుట్టూ దీపాల వెలుగు చిన్న చుక్కలను మింగేసింది. చేలకు కంచెలు పడ్డాయి. కాపరి పిల్లలు చదువుకుంటున్నారు, అది మంచిదే. కానీ వాళ్ళలో పిల్లలకోడినీ మంచంకోళ్ళనూ చూసి గుర్తుపట్టేవాళ్ళు తగ్గుతున్నారు.

ఈ పేర్లు ఊరూరికీ కొంచెం కొంచెం మారతాయి. చాలావరకు రాసిపెట్టి లేవు, పెద్దల నోట్లోనే ఉన్నాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు వెన్నెల లేని రాత్రి చూసుకుని, వీధిదీపాలు దాటి, మందను కాసిన పెద్దాయన ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ చుక్కను మీ ఊళ్ళో ఏమంటారో, అది ఎక్కడికొస్తే ఏం చేసేవారో అడగండి. ఆయన మాటల్లోనే రాసుకోండి, నెల, వేళ కూడా పక్కనే వేయండి. ఆ పని ఆయన ఉండగానే చేయాలి.