కూచీ నేలపై కాల్పుల బరి

హోచిమిన్ నగరమునుండి వాయవ్యదిశగా తైనిన్ పోవు బాట పట్టి, రబ్బరు తోటలను దాటుకొనుచు బస్సులో ఇంచుమించు రెండు గంటలు ప్రయాణము చేసినచో కూచీ వచ్చును. ఫ్రెంచి ప్రభుత్వముపై వియత్నాము ప్రజలు తిరుగబడిన 1940వ దశకపు కడపటి యేండ్లలో తలదాచుకొనుటకై పల్లెవారు త్రవ్వుకొన్న చిన్న చిన్న బిలములు, అమెరికా సేనలు దిగిన పిమ్మట ఊరినుండి ఊరికి ప్రాకి, రమారమి 250 కిలోమీటర్ల మేర అల్లుకొన్న సొరంగజాలముగా పరిణమించిన నేల యది. ఆ నగరమునకు సెలవులు గడుపబోవు మనవారిలో ఈ సొరంగములను చూడక మరలివచ్చువారు అరుదు. ఇరుకుదారిలో నడుము వంచి కొంత దూరము ప్రాకుట, ఆనాటి యోధుల ఆహారమైన ఉడికించిన కర్రపెండలమును వేరుసెనగ నువ్వుల పొడితో రుచిచూచుట, ఇవి యందరును చేయు పనులు. ఆ దారిలోనే కాల్పుల బరి యొకటి కలదు. ఉభయపక్షములవారును వాడిన తుపాకులను అక్కడ సందర్శకులు రొక్కమిచ్చి పేల్చవచ్చును.

ఏకే-47, ఎమ్-16, గరాండు, కార్బైను, ఎమ్-60 మరతుపాకి: ఇందులో నచ్చినదానిని చూపినచో, కిరాణా కొట్టులో పప్పు కొలిచినట్లు తూటాలను పదేసి చొప్పున లెక్కించి యిత్తురు. చెవులకు డిప్పలు తగిలించుకొని గోడవారకు పోయి నిలువవలెను. గొట్టము పక్కకు తిరుగుటకు వీలు లేకుండ తుపాకిని దిమ్మెకు బిగించి యుంచినారు. ఈ జాగ్రత్త ఎంతటి అవసరమో తెలియగోరువారు 2014లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున జరిగిన దానిని తలచుకొనవలెను. సెలవులకు తల్లిదండ్రులతో వచ్చిన తొమ్మిదేండ్ల బాలిక చేతిలో ఊజీ తుపాకి వరుసగా ప్రేలుచు పైకెగసి, పక్కన నిలిచి నేర్పుచున్న శిక్షకుని ప్రాణమునే హరించినది.

బల్లపై పక్కపక్కన పరుండియున్న ఏకే-47, ఎమ్-16 తుపాకులను చూచుచు నేను చాల సేపు నిలిచితిని. మొదటిదానిని కల్పించిన మిఖాయిల్ కలాష్నికోవ్ 1941లో జర్మనుల దాడిలో గాయపడి వైద్యశాలలో పడియున్నపుడు, తమ సైనికుల చేతిలో దిట్టమైన ఆయుధము లేదను బాధతో తుపాకి నిర్మాణమునకు పూనుకొన్న సామాన్య సైనికుడు. తూటా గొట్టము దాటిపోవునంతలో వెనుకనుండి తరుముచున్న వాయువులో కొంత పైనున్న నాళికలోనికి మరలి, ఒక కడ్డీని వెనుకకు త్రోసి, ఖాళీ గుల్లను బయటికి విసరి, మరొక తూటాను గదిలోనికి తెచ్చును. అందలి భాగముల నడుమ ఎడము కొంచెము వదులుగా ఉండుటచేత బురదయు ఇసుకయు చొచ్చినను ఆ యంత్రము మొరాయింపదు. వరిమళ్లలో నడుము లోతున నానుచు పోరాడువారికి ఇంతకు మించినది అక్కరలేకపోయెను.

రెండవది తేలికైనది, వేగమైనది, నిర్మాణమున నాజూకైనది. దానిలో వాయువు కడ్డీతో పనిలేక సరాసరి లోపలి యంత్రమునకే పోవును. మసియు అక్కడనే పేరుకొనును. మొదట పరీక్షించిన మందుపొడిని మార్చి మరొకదానిని వాడుటచేతను, తూటా గదికి క్రోమియపు పూత లేకపోవుటచేతను, ఈ తుపాకిని అంతగా శుభ్రము చేయ నవసరము లేదని సైనికులకు చెప్పుటచేతను, 1966, 1967 సంవత్సరములలో ఎందరో అమెరికను యువకుల చేతిలో ఇది నడిపోరున బిగుసుకొనిపోయినది. ఆ దేశపు కాంగ్రెసు ఉపసంఘము 1967లో విచారణ జరిపి అధికారులను తీవ్రముగా నిందించెను. కర్మాగారమున, కార్యాలయమున కూర్చుండి చేసిన అలక్ష్యమునకు ఎక్కడనో అడవిలో పందొమ్మిదేండ్లవాడు మూల్యము చెల్లించెను. ఈ చరిత్రలో ఒక్క వాక్యమైనను ఆ బల్లవద్ద వ్రాసిపెట్టలేదు. తూటా ధరల పట్టిక మాత్రమే యున్నది.

నేను ఏకే-47ను ఎన్నుకొంటిని. నడివయసు శిక్షకుడొకడు మాటలాడకయే నా భుజమును పట్టి కొంచెము ముందుకు వంచి, తుపాకి మడమను జత్రువు క్రిందనున్న పల్లములో ఒత్తి కూర్చి, నా చెంపను చెక్కకు ఆనించెను. ఆ మూడు స్పర్శలతో అతడు తన విద్యను నాకు చాల వరకు చెప్పినాడనియే నా నమ్మకము. వెనుకనున్న గాటులో నుండి ముందున్న మొనను చూడవలెను; కన్ను మొనపైననే నిలిచి, గురి మసకగా కానవచ్చుచుండవలెను; ఊపిరి సగము విడిచి నిలిపి, మీటను గుంజక, ఎప్పుడు ప్రేలునో తనకే తెలియనంత నెమ్మదిగా ఒత్తవలెను. చప్పుడు రాబోవుచున్నదని శరీరము ముందుగా జంకెనా, గొట్టము రవంత క్రుంగి తూటా క్రిందికి పోవును. కావున ఈ విద్య యావత్తును ఆ జంకును జయించుటలోనే యున్నది. మొదటి ప్రేలుడునకు గుండెలోని గాలి కదలినట్లయినది. కాలిన మందు వాసన ముక్కుపుటముల నంటినది. ఇత్తడి గుల్ల యొకటి వేడివేడిగా వచ్చి నా చెప్పు కొసను తాకి దొర్లిపోయినది.

నా పక్క బరిలో గుంటూరు వైపు కుటుంబమొకటి యుండెను. తండ్రి తూటాలన్నియు ఒక్క ఊపున పేల్చి, ఫోనులో చిత్రము తీయించుకొని వెనుదిరుగగా, పన్నెండేండ్ల కుమారుడు “నాన్నా, నువ్వు కొట్టినవి ఎక్కడ తగిలాయి?” అని యడిగెను. “ఏమోరా, ఇంత దూరాన ఎవడికి కనిపిస్తుంది!” అని తండ్రి నవ్వెను. “మరి చూడకపోతే ఎట్లా తెలుస్తుంది?” అని బాలుడు వదలలేదు. ఆ ప్రశ్న నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. ఎక్కడ తగిలినదో చూచుకొని, ఏల తప్పినదో విచారించి, మరల ఊపిరి సరిచేసికొనుటయే ఈ కళకు ప్రాణము. మన హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో కాంస్యము గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. ఆ చుక్కకై యత్నించువాడు గుండె కొట్టుకొను రెండు దెబ్బల నడుమనున్న నిశ్చలతను వెదకును. దానికై యేండ్ల తరబడి శరీరమును శిక్షించును. అట్టి విద్యను శబ్దముగా మార్చి అమ్ముట నాకు రుచింపలేదు.

అంతకంటె నన్ను బాధించినది ఆ శబ్దము పుట్టు తావు. కూచీ ప్రజలు సాధించిన మహాకౌశలము మౌనము. అక్కడి ఎఱ్ఱమట్టి తడిసినపుడు మెత్తగా తెగి, ఎండినపుడు గట్టిపడును; పొట్టి గునపములతో దానిని త్రవ్వి, వెదురు బుట్టలలో కెత్తి, త్రవ్విన జాడ తెలియకుండ పారబోసిరి. ఊపిరాడు రంధ్రములను చెదపుట్టల రూపున మరుగుపరచిరి. ఫ్రెంచివారితో పోరిననాడు హోంగ్ కామ్ అను సైన్యపు వంటవాడు కల్పించిన పొయ్యి పద్ధతిని అనుసరించి, పొగను పొడవైన కాలువల గుండ నడిపి చల్లార్చి, దూరమున నేలకు అంటియుండునట్లు విడిచిరి. వేకువను వండినచో ఆ పొగ మంచులో కలిసిపోవును. అమెరికా 25వ పదాతిదళపు మహాస్థావరము చేరువనే యుండగా, తల్లులు పసిబిడ్డల యేడ్పును అదిమిపెట్టుచు ఆ చీకటిలో బ్రదికిరి. బెన్ డువోక్ వద్దనున్న స్మారకమందిరమున 40,000కు మించిన మృతవీరుల పేర్లు చెక్కబడియున్నవి.

సొరంగపు నోటివద్ద ఆకులు కప్పిన పలకను ఎత్తి, మార్గదర్శకుడు ఈ సంగతులు చెప్పుచున్నంతసేపును బరినుండి ప్రేలుళ్లు వినవచ్చుచునేయుండెను. ఆ చప్పుడు యుద్ధవాతావరణమును కలిగించునని కొందరందురు. నేనంగీకరింపను. ఆ మనుష్యులు యేండ్ల తరబడి భయపడిన శబ్దమును వారి యింటి కప్పుపై వినోదమునకై మ్రోగించుట, వారిని గూర్చి వినవచ్చినవానిని విననీయకపోవుటయే యగును. బరిని మూసివేయుడని నేను కోరుట లేదు; దానిపై బ్రదుకుచున్న పనివారున్నారు, నా భుజమును సరిదిద్దిన ఆ శిక్షకుడున్నాడు. నగరమునుండి వచ్చు దారి పొడవునను రబ్బరు తోటల నడుమ కావలసినంత నేల యున్నది. సొరంగములకు పది కిలోమీటర్ల యివతల, బస్సులు ఎటులైనను ఆగు చోట బరిని కట్టి, ప్రతివానికిని తన గురి కాగితమును చేతికిచ్చి, ఆ శిక్షకులచేత నాలుగు మాటలు నేర్పించినచో రాబడి తగ్గదు. పన్నెండేండ్ల బాలుని ప్రశ్నకు బదులు దొరకును. సొరంగమువద్ద మార్గదర్శకుడు గొంతు పెంచ నక్కర యుండదు.