వాన అడవిలో గుడారం: క్వినాల్ట్ సరస్సు ఒడ్డున విడిది విద్య

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో, పసిఫిక్ మహాసముద్రానికీ ఒలింపిక్ పర్వతాలకూ నడుమ ఉన్న క్వినాల్ట్ సరస్సు దక్షిణపు ఒడ్డున విల్లబీ, ఫాల్స్ క్రీక్, గాటన్ క్రీక్ అనే మూడు చిన్న క్యాంప్‌గ్రౌండ్‌లు ఉన్నాయి. క్యాంప్‌గ్రౌండ్ అంటే గుడారం వేసుకునే చోటు, బల్ల, నిప్పు రాజేసుకునే ఇనుప వలయం, కారు నిలిపే జాగా ముందే ఏర్పరచి ఉంచిన విడిది స్థలం. ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన, అంటే హైదరాబాద్‌లో కురిసేదానికి నాలుగు రెట్లు మించిన వాన పడే ఈ లోయలో గుడ్డ కప్పు కింద రాత్రి గడపడం ఒక విద్యగా ఎలా రూపొందిందో తెలుసుకోవాలంటే, ముందుగా ఆ వానను, ఆ అడవిని, ఆ నేలను తెలుసుకోవలసి ఉంటుంది. వానతో పోట్లాడకుండా నీటికి దారి విడిచి, తనకు కేటాయించిన కాస్త చోటులోనే సర్దుకునే ఒడుపే ఈ విద్యకు ప్రాణం.

వర్షారణ్యం అనగానే భూమధ్యరేఖ దాపులోని ఉక్కపోత అడవులే మనసులో మెదులుతాయి గాని, ఏడాది పొడవునా చల్లగా ఉంటూ, వాన పుష్కలంగా కురిసే సముద్రతీరాలలోనూ అంత దట్టమైన అడవులు పెరుగుతాయి. వీటినే సమశీతోష్ణ వర్షారణ్యాలు అంటారు. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలులు 2,432 మీటర్ల ఒలింపస్ శిఖరం ఉన్న ఈ పర్వతాలను ఎక్కుతూ చల్లబడి, తమలోని నీటినంతా పడమటి లోయల్లో కుమ్మరిస్తాయి. అదే కొండలకు ఈశాన్యాన, వానచాటు ప్రాంతంలో ఉన్న సీక్విమ్ పట్టణానికి ఏటా 400 మిల్లీమీటర్లు మాత్రమే మిగులుతుంది. తెలుగు నేల మీద వాన నైరుతి రుతుపవనంతో జూన్‌లో దిగి వేసవి వేడిని చల్లారుస్తుంది. ఇక్కడ మాత్రం వానకాలమూ చలికాలమూ ఒక్కటే: అక్టోబర్ నుంచి వసంతం దాకా రోజుల తరబడి ముసురు పట్టి, జూలై ఆగస్టుల్లో కొంత తెరిపి ఇస్తుంది. ఆ తెరిపిలోనూ సముద్రం నుంచి వచ్చే పొగమంచు సూదుల్లాంటి ఆకులకు పట్టి బొట్లుగా రాలుతూనే ఉంటుంది కాబట్టి, ఆకాశంలో వాన ఆగినా అడవిలో ఆగదు.

ఈ నీటి మీద బతికే చెట్లు అసాధారణమైనవి. సిట్కా స్ప్రూస్, వెస్టర్న్ హెమ్లాక్, ఎర్ర సీడర్ ఇక్కడి ప్రధాన వృక్షాలు. సిట్కా స్ప్రూస్‌లలో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేర్కొనే చెట్టు ఈ సరస్సు పక్కనే ఉంది, దాని ఎత్తు 191 అడుగులు, చుట్టుకొలత దాదాపు 59 అడుగులు. కూలిపోయిన మహావృక్షం ఇక్కడ వ్యర్థం కాదు. నేలంతా ఫెర్న్ మొక్కలూ నాచూ కమ్ముకుని గింజకు చోటు దొరకని చోట, కుళ్ళుతున్న దుంగ వీపు మీద పడిన గింజలే మొలకెత్తి, ఆ దుంగ చుట్టూ వేళ్లు దించుకుని పెరుగుతాయి. ఇలాంటి దుంగను దాది దుంగ అనవచ్చు, ఎందుకంటే అది శతాబ్దాల పాటు కొత్త చెట్లను సాకి, తాను పూర్తిగా మన్నైపోయిన తరువాత కూడా వాటిని ఒకే వరుసలో నిలబెట్టి పోతుంది. పెద్ద ఆకుల మేపుల్ చెట్ల కొమ్మల మీద పేరుకున్న నాచు దుప్పట్లలోకి ఆ చెట్లే కొమ్మల నుంచి వేళ్లు పంపి పోషకాలు పీల్చుకుంటాయని భారతీయ మూలాలున్న పర్యావరణ శాస్త్రవేత్త నళిని నాద్‌కర్ణి చెట్ల పైకెక్కి పరిశీలించి 1981లో ప్రకటించారు. చూడడానికి మెత్తగా, ఎక్కడపడితే అక్కడ పెరిగినట్టు కనిపించే ఆ నాచు ఒకసారి ఊడిపోతే తిరిగి కమ్ముకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండడం వల్ల స్ప్రూస్, హెమ్లాక్ చెట్ల వేళ్లు లోతుకు దిగక, నేల పైపొరలోనే నలువైపులా పాకుతాయి. మనిషి అడుగుల ఒత్తిడికీ బండి చక్రాల బరువుకీ ఆ పైపొర అణిగిపోతే, మట్టిరేణువుల మధ్య గాలీ నీరూ తిరిగే సందులు మూసుకుపోయి, వేళ్లకు ఊపిరాడదు. ఈ సంగతిని క్యాంప్‌గ్రౌండ్ నిర్మాణానికి మొదట అన్వయించినవాడు అమెరికా అటవీ శాఖలో వృక్షవ్యాధుల నిపుణుడైన ఎమిలియో మైనెక్. కాలిఫోర్నియాలోని మహావృక్షాల కింద సందర్శకులు కార్లు ఇష్టం వచ్చినట్టు తోలి, నచ్చిన చోట గుడారాలు వేయడం వల్ల చెట్లకు కలుగుతున్న చేటును 1920లలో పరిశీలించి, 1932లో ఆయన క్యాంప్‌గ్రౌండ్ విధానం గురించి రాసిన చిన్న పుస్తకపు ప్రభావం నేటికీ విడిది స్థలాల్లో కనిపిస్తుంది. ఒకే దిశలో తిరిగే వలయాకారపు రోడ్డు, దాని నుంచి చీలే ఒక్కొక్క కారు జాగా, కారు దాటి పోకుండా అడ్డంగా పెట్టిన బండలూ దుంగలూ, కదపడానికి వీల్లేని బల్ల, నిప్పు వలయం, ఇవన్నీ ఆయన సూత్రాల ఫలితాలు. ఆర్థిక మాంద్యంలో పని లేని యువకులకు ఉపాధి కల్పించడానికి 1933లో ఏర్పడిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే దళం ఈ నమూనాను దేశమంతటా అమలు చేసింది. క్యాంప్‌గ్రౌండ్‌లో గిరిగీసినట్టుండే ఈ హద్దులను అడవిలోని స్వేచ్ఛకు అడ్డంకిగా భావించేవారు చాలామంది ఉన్నారు. కానీ మనుషులంతా తొక్కే నేలను నాలుగడుగుల మేరకు కుదించడం వల్లనే చుట్టూ ఉన్న నేల బతికి ఉందన్నది ఆ హద్దుల అసలు విలువ. ప్రవేశరుసుము కన్నా పెద్ద చెల్లింపు ఆ గీత దాటకపోవడమే.

విడిదిలో మొదటి పని గుడారం విప్పడం కాదు, తలెత్తి చూడడం. తడిసిన నాచు బరువుకు మేపుల్ కొమ్మలు గాలి లేని రాత్రుల్లో కూడా విరిగి పడవచ్చు. పైన వేలాడే ఎండుకొమ్మ గాని, వంగి పగులు చూపే చెట్టు గాని ఉంటే, ఆ చోటు ఎంత అందంగా ఉన్నా వదులుకోవాలి. ఆ తరువాత చూడవలసింది నేల: నీరు వచ్చి చేరే పల్లం కాక, కంకర పరచిన కాస్త మిట్ట కావాలి. గుడారం చుట్టూ కాలువ తవ్వే పాత అలవాటు వేళ్లను తెంచుతుంది గనుక నేడు నిషిద్ధం. గుడారం అడుగున పరిచే పట్టా గుడారం అంచుల కన్నా లోపలికే ఉండాలి. బెత్తెడు బయటికి వచ్చినా పైగుడ్డ నుంచి జారిన నీటిని పళ్లెంలా పట్టి పడుకున్నవారి కిందికే చేరవేస్తుంది.

ఈ అడవిలో గుడారం కన్నా ముందు కట్టవలసింది టార్పాలిన్. ముందు కట్టి, చివర విప్పే ఈ కప్పు కిందనే గుడారం పొడిగా విప్పుకోవడం, వంట, భోజనం, తడిబట్టలు మార్చుకోవడం అన్నీ జరుగుతాయి కాబట్టి, అనుభవజ్ఞులు దీనికే ఎక్కువ శ్రద్ధ పెడతారు. రెండు చెట్ల మధ్య బెరడు ఒరుసుకోకుండా వెడల్పాటి పట్టీలు చుట్టి, వాటికి నడికొప్పు తాడు బిగించి, దాని మీద టార్పాలిన్ వేసి, గాలి వచ్చే వైపు అంచును కిందికి, రెండో వైపు అంచును మీదికి ఉండేలా నాలుగు మూలలూ లాగి కడతారు. మూల తాళ్లకు వేసే ముడి ప్రత్యేకమైనది: చేత్తో జరిపితే తాడు వెంట జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుని నిలుస్తుంది, తడిసిన నైలాన్ సాగి వేలాడినప్పుడు మేకు పీకే పని లేకుండా ముడిని జరిపితే చాలు. ఒక మూలను కావాలనే కిందికి దించితే, కప్పు మీది నీరంతా ఆ ఒక్క చోటి నుంచే, మనుషులు మసలని వైపుకు దిగిపోతుంది. ఇంతా చేసినా చెట్టు మాను మీది నీరు నడికొప్పు తాడు పట్టుకుని పాకుతూ కప్పు కిందికి వస్తుంది. దానికి విరుగుడు, టార్పాలిన్‌కు జానెడు అవతల తాడుకు ఒక నూలుదారపు ముక్క కట్టి వేలాడదీయడం. తాడు వెంట వచ్చే బొట్టు ఆ దారం దగ్గర ఆగి, లావెక్కి, దారం కొస నుంచి నేలకు రాలుతుంది. గుడ్డ ఎంత ఖరీదైనదైనా ఈ దారపు ముక్క చేసే పని చేయలేదు.

గుడారం లోపలి చెమ్మ మరో సంగతి. రాత్రంతా మనుషులు విడిచే ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీరుగా మారుతుంది గనుక, వాన భయంతో గాలిసందులన్నీ మూసినవారు తెల్లవారేసరికి లోపలి వానలో తడుస్తారు. ఒళ్లు తడిసి గాలి తగిలితే, గడ్డకట్టే చలి లేకపోయినా, పది డిగ్రీల వాతావరణంలోనే శరీరపు వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. తడిసిన నూలుబట్ట ఆ వేడిని లాగేస్తుంది; ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. బాతు నూగు నింపిన స్లీపింగ్ బ్యాగ్ చెమ్మకు అణగారిపోతుంది కాబట్టి ఇక్కడ కృత్రిమ పీచు నింపినదే నమ్మదగినది. పడుకోవడానికి పొడిగా దాచిన ఒక జత ఉన్నిబట్టలను పగలు ఎంత చలేసినా తొడగకూడదన్నది ఈ విద్యలోని కఠినమైన నియమాల్లో ఒకటి.

ముసురులో నిప్పు రాజేయడం అన్నిటికన్నా ఓర్పు కోరే పని. అడవిలో పడి ఉన్న కట్టె నీటిని పీల్చుకున్న స్పాంజితో సమానం, పైగా అది మొలకలకూ పురుగులకూ ఆశ్రయం. కాబట్టి కట్టెలు కొనాలి, అదీ స్థానికంగానే, ఎందుకంటే దూరం నుంచి తెచ్చిన కట్టెలో చెట్లను చంపే పురుగులు దాగి రావచ్చు. కొన్న కట్టె వానకు తడిసినా బెరడు దగ్గరే తడి, చేవ పొడిగా ఉంటుంది. చిన్న గొడ్డలిని కట్టె తల మీద ఆనించి మరో కట్టెతో కొడుతూ నాలుగుగా, ఎనిమిదిగా చీల్చి, లోపలి చేవను బొటనవేలు లావు పుల్లలుగా చేసుకుంటారు. వాటిలో నాలుగైదింటిని తీసుకుని, కత్తిని ఏటవాలుగా పట్టి, పలుచని పొరలుగా చెక్కుతూ, ఏ పొరనూ పూర్తిగా తెగనివ్వకుండా పుల్ల కొసకే అంటిపెట్టుకునేలా వదిలితే, ఉంగరాలు తిరిగిన గుత్తి తయారవుతుంది. అగ్గిపుల్ల తగిలిన మరుక్షణం ఆ ఉంగరాలు ఒకదాని నుంచి మరొకటి అంటుకుంటాయి. నార తిన్నగా ఉండి సులువుగా చీలే సీడర్ ఇందుకు శ్రేష్ఠం. మిగతా కట్టెలను వలయం అంచున పేర్చితే వేడికి వాటంతట అవే ఆరుతాయి. నిప్పును ఇనుప వలయం దాటి పోనివ్వకపోవడం, పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, చేతికి చల్లగా తగిలేదాకా మళ్లీ పోయడం తప్పనిసరి.

సీడర్ విలువను అందరికన్నా ముందు ఎరిగినవారు ఇక్కడి క్వినాల్ట్ జాతి ప్రజలు. సీడర్ పలకలతో ఇళ్లు, తొలిచిన సీడర్ మానులతో పడవలు చేసుకున్న వీరు, వసంతంలో రసం ఎక్కే కాలాన బతికున్న చెట్టు నుంచి సన్నని పట్టీ మేరకే బెరడు లాగి, చెట్టును బతకనిచ్చి, లోపలి నారతో వాన టోపీలూ పైవస్త్రాలూ అల్లుకున్నారు. ఈ అడవిలో పొడిగా ఉండే విద్యకు వారే ఆద్యులు. 1855లో మొదలై 1856లో సంతకాలు పూర్తయిన ఒడంబడికలో విస్తారమైన నేలను వదులుకున్న క్వినాల్ట్ జాతి ఏలుబడిలోనే సరస్సు నేటికీ ఉంది: ఉత్తరపు ఒడ్డు ఒలింపిక్ జాతీయ ఉద్యానంలో, దక్షిణపు ఒడ్డు జాతీయ అటవీ భూమిలో ఉన్నా, నీటిలో గాలం వేయాలంటే ఆ జాతి ప్రభుత్వం అనుమతి కావాలి. వారు బ్లూబ్యాక్ అని పిలిచే సాల్మన్ చేప పిల్లలు సముద్రానికి పోయే ముందు పెరిగేది ఈ నీటిలోనే. ఈ సరస్సులోకి వచ్చే నదికి ఎగువన నీరిచ్చిన ఆండర్సన్ హిమానీనదం ఇటీవలి దశాబ్దాల్లో కరిగి దాదాపు కనుమరుగైంది. అలాంటి సరస్సులో సబ్బునీరు కలపకుండా, గిన్నెలు కడిగిన నీటిని 200 అడుగుల దూరం మోసుకుపోవడం పెద్ద శ్రమ అనుకోకూడదు.

సియాటిల్ చుట్టుపక్కల రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్ పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సరస్సు సుమారు మూడు గంటల కారు ప్రయాణం. మసాలా వంటకాలతో వచ్చేవారు మరింత మెలకువగా ఉండాలి, ఎందుకంటే నల్ల ఎలుగుబంటి ముక్కుకు ఆవకాయ సీసా మూత ఒక అడ్డు కాదు, రకూన్‌లకు డబ్బా గొళ్లేలు తీయడం తెలుసు. తిండే కాక టూత్‌పేస్టు, సబ్బు, పారేయవలసిన చెత్త కూడా కారులోనే పెట్టి తాళం వేయాలి, ఏదీ గుడారంలో ఉండకూడదు. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగును చివరికి అధికారులు చంపవలసి రావచ్చు గనుక, బల్ల మీద మరచిన ఒక పులిహోర గిన్నె ఆ జంతువు ప్రాణానికే ముప్పు తేగలదు.

విడిది ఎత్తేటప్పుడు క్రమం తిరగబడుతుంది: స్లీపింగ్ బ్యాగ్‌లు గుడారంలోనే చుట్టి సంచిలో పెట్టి, తరువాత గుడారం, అన్నిటికన్నా చివర టార్పాలిన్ విప్పుతారు. తడి పైగుడ్డను లోపలి గుడారంతో కలపకుండా వేరే సంచిలో పెట్టాలి. ఇల్లు చేరిన రోజే వాటిని గరాజులోనో వసారాలోనో పరచి, కుట్ల దగ్గర చెమ్మ లేకుండా ఆరబెట్టకపోతే, గుడ్డకు బూజు పట్టి, నీరు లోపలికి రానివ్వని పూత జిగటగా మారి ఊడిపోతుంది, ఆ గుడారం తరువాతి ముసురుకు నిలవదు.