బయోడేటాలో బీడు

ఉద్యోగం కోసం వచ్చిన స్త్రీని ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మధ్యలో ఈ ఆరేళ్ళు ఏం చేశారు?" సబ్జెక్టు మీద అడిగినవాటికి తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి ఇక్కడ ఆగిపోతుంది. పెళ్ళి, కాన్పులు, అత్తగారి పక్షవాతం, భర్త బదిలీలు అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వస్తాయి. బయటికి వచ్చేది మాత్రం రెండే మాటలు. "ఇంట్లోనే ఉన్నానండి." ఇంకా చిన్నబోయి "ఖాళీగానే ఉన్నానండి" అనేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఉండటమూ ఖాళీగా ఉండటమూ ఒకటేనని ఆ స్త్రీకి ఎవరు నేర్పారు? ఆ జవాబును ఒక రచనను చదివినట్టు చదవాలని నా ప్రయత్నం.

బయోడేటా కూడా ఒక ఆత్మకథే. అచ్చులో ఆత్మకథ రాసుకోగలిగిన స్త్రీలు కొద్దిమందే. బయోడేటా మాత్రం ఉద్యోగం కోరిన ప్రతి స్త్రీ రాసుకోవాల్సిందే. ఈ ప్రక్రియకు నియమాలు కఠినం. సంవత్సరాలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉండాలి. ప్రతి సంవత్సరానికీ ఒక సంస్థ పేరు, ఆ సంస్థ సంతకం, సంతకం కింద ముద్ర ఉండాలి. చదువు ముగిసిన మర్నాటి నుంచి పదవీ విరమణ దాకా, ఇంట్లో ఎవరో వండిపెడుతుంటే ఆఫీసుకు వెళ్ళొచ్చిన మనిషి కోసం చేసిన నియమాలివి. ఆ మనిషి మగవాడని వేరే చెప్పక్కర్లేదు. ఆ వండిపెట్టిన 'ఎవరో' తన కథ రాయబోతే ఈ నియమాల్లో ఇమడదు. ఇమడని భాగానికి మనం గ్యాప్ అని పేరు పెట్టుకున్నాం.

మధ్యలో ఆగిపోవడం అంటే ఏమిటో అనంతపురం నేలకు బాగా తెలుసు. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. ఆ కాస్త వానా శెనక్కాయ పంటకు కావలసిన అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. పదును దొరకని ఏడు మెట్టపొలం బీడు పడుతుంది. ఆ పొలం చరిత్రను రెవెన్యూ శాఖ అడంగల్‌లో ఏటేటా రాస్తుంది. సర్వే నెంబరు, పట్టాదారు పేరు, సాగుచేసినవారి పేరు, వేసిన పంట. పంట లేకపోతే ఆ గడిలో 'బీడు' అని రాసి ఊరుకుంటారు. మూడేళ్ళు బీడున్నందుకు నేల సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే ప్రభుత్వమే ఆ ప్రాంతాన్ని కరువు మండలంగా ప్రకటిస్తుంది. అంటే పంట ఆగిపోవడంలో తప్పు నేలది కాదు, వానది అని ముద్ర వేసి మరీ ఒప్పుకుంటుంది.

కరువుకు వలసపోయిన మగవాడికీ ఈ మన్నింపు దొరుకుతుంది. "వానల్లేక రెండేళ్ళు బెంగళూరులో దొరికిన పని చేశాను" అని అతను చెబితే వినేవాళ్ళు తలూపుతారు. ఆ రెండేళ్ళూ ఊళ్ళో అతని ముసలి తల్లిదండ్రుల్ని, పిల్లల్ని, మేత దొరకని పశువుల్ని సాకిన భార్య చదువుకున్నదై, తర్వాత ఉద్యోగానికి వెళ్తే ఆ కాలానికి సంజాయిషీ అడుగుతారు. కరువు ఒకటే. అతనికి అది కారణం, ఆమెకు లోపం.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ మనందరికీ తెలిసిందే. ఇల్లలికి ముగ్గులేయడంలో తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. పేరు కోసం ఆమె సర్టిఫికెట్లు వెతుక్కుంటూ పుట్టింటికి ప్రయాణమవుతుంది. అయితే ఆ పేరు కాగితం కంటే ముందు ఒక పాత స్నేహితురాలి పిలుపులో దొరుకుతుంది. ఆ స్నేహితురాలు పేరుతో ఆగదు, చదువులో, పాటలో ఈమె ఎలా ఉండేదో కూడా గుర్తు చేస్తుంది. మరుగునపడ్డ మనిషిని నిలబెట్టింది పత్రం కాదు, సాక్షి. ఇంటర్వ్యూ గదిలో లేనిది ఆ సాక్షే. కథ పేరు దొరకడంతో ముగుస్తుంది. మర్నాడు శారద ఆ సర్టిఫికెట్లు పట్టుకొని ఉద్యోగానికి వెళ్తే ఏమవుతుంది? నేను చదివినంతలో మన స్త్రీవాద కథ ఇంట్లో ఊపిరాడకపోవడాన్ని రాసింది, గడప దాటడాన్ని రాసింది. దాటిన తర్వాత బల్లకు అవతల కూర్చున్నవాళ్ళు అడిగే ప్రశ్నను రాసింది తక్కువ.

అక్కడ పైకి అడిగేది గతం గురించే అయినా, తెలుసుకోవాలనుకునేది భవిష్యత్తు. మళ్ళీ మానేస్తావా? మళ్ళీ కంటావా? ఒకప్పుడు ఈ ప్రశ్నలు దాపరికం లేకుండా అచ్చులోనే ఉండేవి. నీరా మాథుర్ అనే ఉద్యోగిని జీవిత బీమా సంస్థ మీద పోరాడిన కేసులో సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. ఉద్యోగంలో చేరే స్త్రీలు నెలసరి గురించి, గర్భాల గురించి, గర్భస్రావాల గురించి ఆ సంస్థ దరఖాస్తులో రాయాల్సి వచ్చేది. ఆ గడులు అవమానకరమనీ, తొలగించాలనీ కోర్టు చెప్పింది. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. కాగితం మీద కొట్టేసిన గడి ఇప్పుడు చిరునవ్వుతో అడిగే ప్రశ్నగా మారింది. నోటిమాటకు రుజువుండదు కాబట్టి దానిమీద కోర్టుకు వెళ్ళడం మరింత కష్టం.

పోనీ ఆ ఖాళీలో నిజంగా ఏముంది? 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానిమీద గడిపారు, పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్ళలో స్త్రీకి తగ్గింది పది నిమిషాలు. మగవాడికీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. పిల్లల్నీ రోగుల్నీ చూసుకునే సమయం వీటిలో లేదు, దాన్ని వేరే లెక్కవేశారు. ఇంత కొలిచిన ప్రభుత్వమే ఉపాధి సర్వేల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీకి 92 అనే కోడ్ ఇచ్చి శ్రామికుల లెక్కలోంచి పక్కన పెడుతుంది. ఒక చేత్తో నిమిషాలు లెక్కపెట్టి, ఇంకో చేత్తో మనిషిని కొట్టేయడం ఇది.

అసలు అన్ని గ్యాప్‌లూ ఇంట్లోంచే రావు. చాలా ప్రైవేటు కళాశాలల్లో విద్యాసంవత్సరం ముగియగానే జీతం ఆపి, వేసవి దాటాక మళ్ళీ పిలుస్తారు. అలా ఐదేళ్ళు చేసిన అధ్యాపకురాలి సర్వీసులో ఐదు వేసవులు చిల్లులు పడతాయి. చిల్లు పెట్టిన యాజమాన్యం ఒకటి, దానికి సంజాయిషీ అడిగే యాజమాన్యం ఇంకొకటి.

దీనికి విరుగుడుగా ఈమధ్య ఒక సలహా వినిపిస్తోంది. "ఇంట్లో ఉన్నాను" అనకుండా 'హోమ్ మేనేజర్' అని రాసుకోమనీ, వంటను బడ్జెట్ నిర్వహణగా, అత్తమామల సేవను సమయపాలనగా చెప్పుకోమనీ. ఇది చెప్పేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చెబుతున్నారు. కానీ చాకిరీకి కంపెనీ భాష తొడిగితే తప్ప గౌరవం రాదని ఒప్పుకోవడమే కదా ఇది. మంచంపట్టిన మనిషికి మూడేళ్ళు ఒళ్ళు తుడిచిన స్త్రీ దాన్ని నైపుణ్యంగా అమ్ముకోవాల్సిన అవసరం ఏముంది? అది పని. చేసింది. అంతే చెప్పగలగాలి.

ఇక్కడ మరొక మాట చెప్పుకోకపోతే చదువుకున్నవాళ్ళ గోడుగానే మిగిలిపోతాం. శెనక్కాయ చేలో కలుపు తీసి, కాయలు ఒలిచే కూలి స్త్రీకి గ్యాప్ అనే మాటే లేదు. ఆమె దళితురాలైతే పని ఆపే స్తోమత తరతరాలుగా లేదు. ఆమెకు లేనిది విరామం కాదు, పని చేసినట్టు రాసిన కాగితం. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఆ పథకం ఇచ్చిన జాబ్ కార్డులో ఆమె పేరుకు ఎదురుగా ఆమె పనిదినాలు పడ్డాయి. అందులోనూ ఆ నూరు రోజులు మనిషికి కాదు, కుటుంబానికే ఇచ్చేవారు. అయినా చేసిన పనికి పేరు పక్కన అంకె ఉండటం ఎంత పెద్ద విషయమో ఆ కార్డు చూపించింది.

మరి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి? సంవత్సరాలు చెప్పాలి, కారణం ఒక్క వాక్యంలో చెప్పాలి, క్షమాపణ చెప్పకూడదు. "ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా ఇంట్లో రోగిని చూసుకున్నాను, ఇప్పుడు ఉద్యోగానికి వచ్చాను." అలా చెప్పినా ఉద్యోగం రాకపోవచ్చు. అందుకే ఈ భారమంతా అభ్యర్థి నెత్తిన పెట్టడం అన్యాయం. మనలో చాలామంది ఇప్పుడు బల్లకు ఇవతల కూడా కూర్చుంటున్నాం. "ఏం చేశారు?" బదులు "తిరిగి పాఠం చెప్పడానికి మీకేం కావాలి?" అని అడగొచ్చు. జీతం లేని వేసవిని అనుభవంలో కలపమని కమిటీలో పట్టుబట్టొచ్చు.

విమర్శకులుగానూ మనకొక పని ఉంది. అమెరికన్ రచయిత్రి టిల్లీ ఓల్సెన్ నలుగురు కూతుళ్ళను పెంచుతూ, కూలీకి ఉద్యోగాలు చేస్తూ, మొదటి కథల పుస్తకం 1961లో తెచ్చేసరికి ఏభై ఏళ్ళకు దగ్గరైంది. రాయలేకపోయిన కాలాల గురించే 1978లో 'సైలెన్సెస్' అనే పుస్తకం రాసింది. మనం మాత్రం ఒక రచయిత్రి పదేళ్ళు రాయకపోతే "సరుకు అయిపోయింది" అంటాం. ఆ పదేళ్ళు ఆమె ఇంట్లో ఎవరు మంచంపట్టారో అడగం. రచయిత్రుల పరిచయాలు రాసేటప్పుడు ఆ సంవత్సరాలను దాటవేయకుండా, ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెడదాం. అడంగల్‌లో బీడు అని రాసినంత మాత్రాన పొలం పట్టాదారుది కాకుండా పోదు. స్త్రీ చదువుకూ రాతకూ కూడా ఆ పాటి హక్కు ఉండాలి.