అందము – అర్థవిచారము

సాహిత్య విమర్శలో మిక్కిలి తరచుగా వాడబడుచు, మిక్కిలి తక్కువగా విచారింపబడు శబ్దము ‘అందము’. ఒక పద్యము అందముగా నున్నదని చెప్పుట సులభము. ఏల అందముగా నున్నదని విద్యార్థి ప్రశ్నించినచో, ఒక యలంకారము పేరు చెప్పి ముందునకు సాగుదుము. ఉపమ కలదు కావున అందము కలదనినచో, ఉపమ యుండియు నీరసములైన పద్యముల మాట యేమి? ఏ యలంకారమును లేకయే హృదయమును పట్టు వాక్యము మాట యేమి? ఈ ప్రశ్నలకు శాస్త్రమునుండియు, తెలుగు నుడినుండియు, చోడవరపు సీమయందలి రెండు లౌకిక విషయములనుండియు, ఆ సీమకు దూరము కాని యూర పుట్టిన గురజాడ అప్పారావుగారి కవితలనుండియు సమాధానము వెదకుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట శాస్త్రము. వామనుడు కావ్యము అలంకారము వలన గ్రాహ్యమగునని చెప్పి, అలంకారమనగా సౌందర్యమేనని వివరించెను. ఉపమాదులు ఆయన దృష్టిలో ఆ సౌందర్యమునకు సాధనములు మాత్రమే. ఇది విలువగల మాటయే కాని, సౌందర్యమన నేమి యను ప్రశ్నను ఒక మెట్టు వెనుకకు జరిపినదే గాని తీర్పలేదు. 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ఆ ప్రశ్నను అవయవములనుండి తప్పించెను. స్త్రీలయందు లావణ్యము ప్రసిద్ధావయవములకంటె వేరై భాసించునట్లు, మహాకవుల వాక్కులయందు వాచ్యముకంటె వేరైన ప్రతీయమానార్థము భాసించునని ఆయన మతము. 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు మెడలో మొలనూలును, నడుమున హారమును ధరించినవారు నవ్వులపాలగుదురని చూపి, ఔచిత్యమునే ప్రాణముగా నెంచెను. 17వ శతాబ్దిలో, షాజహాను ఆదరమును పొందిన ఆంధ్రుడు జగన్నాథ పండితరాయలు, లోకోత్తరాహ్లాదమును కలిగించు జ్ఞానమునకు విషయమగుటయే రమణీయత యని రసగంగాధరమున లక్షణము చెప్పెను.

ఈ మతములను వరుసగా చూచినచో ఒక నడక గోచరించును. కావ్యమునకు చేకూరు శోభగా మొదలైన అందము, అవయవాతీతమైన కాంతియై, పిదప అవయవముల పొందికయై, తుదకు చూచువాని యెరుకలో తేలినది. నిర్వచనము ఒకచోట పట్టుకొనబోవునప్పటికి అది వేరొకచోట నిలుచుచున్నది. అయినను పండితరాయలు రెండు కట్టుబాట్లు చేసెను. కుమారుడు పుట్టెనని గాని, ధనమిచ్చెదనని గాని వినినవానికి కలుగు సంతోషము లోకోత్తరము కాదనుట మొదటిది. ఆ యర్థమును మరల మరల భావించుటయే ఆహ్లాదమునకు కారణమనుట రెండవది. 1790లో వెలువడిన గ్రంథమున జర్మనీ తత్త్వవేత్త కాంటు, సౌందర్యానుభవము స్వప్రయోజనాపేక్ష లేని సంతోషమని చెప్పెను. ఇరువురి దారులును వేరు. లాభముచే కలుగు సంతోషమును త్రోసిపుచ్చుటలో మాత్రము ఇరువురును ఒకచో నిలిచిరి. మన విచారమునకు ఈ రెండు కట్టుబాట్లును ముఖ్యములు.

ఇక తెలుగు నుడి. మన భాషలో సౌందర్యవాచకములు పెక్కులు. వానిలో కొన్ని సంస్కృతమునుండి వచ్చినవి. సొబగు సుభగ శబ్దభవము. లావణ్యము ఉప్పునకు పేరైన లవణ శబ్దమునుండి పుట్టినది. కాని అచ్చతెలుగు మాటలను పరికించినచో విశేషమొకటి కానవచ్చును. ‘ఒప్పు’ సౌందర్యమునకు పేరు. తప్పు కానిదానికిని అదియే పేరు. ‘చక్కదనము’ సౌందర్యము, చక్కజేయుట సరిదిద్దుట. ‘బాగు’ అందమును తెలుపును. ఒడలు బాగుగా నున్నదనునప్పుడు ఆరోగ్యమును తెలుపును. ‘అందము’ సైతము ప్రాచీన కావ్యములలో విధము, రీతి యను అర్థమున కానవచ్చును. కన్నడమునను ‘అంద’ శబ్దమునకు రీతి, సొగసు అను రెండర్థములును కలవు. అందచందములను జంటలో చందమును రీతివాచకమే. అందుట యను క్రియతో ఈ మాటకు ధాతుసంబంధమును కల్పించుట మా యభిమతము కాదు. అందనిదానినే అందమందురను చమత్కారము వినుటకు ఇంపైనను, అది ప్రమాణము కానేరదు.

దీనివలన తేలునదేమి? తెలుగువాని నుడిలో అందము వస్తువునకు పైన పూసిన పూత కాదు. అది ఉండవలసినరీతి నుండుట. ఒక వస్తువునకు దాని తావుతోను, పనితోను, చూచువానితోను కుదిరిన పొత్తు అది. క్షేమేంద్రుడు శాస్త్రముగా చెప్పినదానిని మన పల్లెవాడు ‘ఒప్పు’ అను రెండక్షరములలో ఇమిడ్చికొన్నాడు.

ఈ నిర్ణయమును లోకమున పరీక్షింతము. 2022లో విశాఖపట్టణము జిల్లానుండి ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో నేడు చోడవరము చేరియున్నది. ఆ యూర స్వయంభూ విఘ్నేశ్వరాలయము ప్రసిద్ధము. అచట స్వామి రూపము నడుము పైభాగము మాత్రమే కానవచ్చుననియు, తక్కినది భూమిలో నున్నదనియు భక్తుల విశ్వాసము. శిల్పశాస్త్రపు కొలతలు చేతబూనినవానికి ఆ మూర్తి అసంపూర్ణము. భక్తునికి అట్లు కాదు. కానవచ్చు భాగము కానరాని భాగమునకు సూచకమగుటచే, ఆ కొరతయే నిండుదనమగుచున్నది. ఆనందవర్ధనుడు కావ్యమున చెప్పిన ప్రతీయమానమునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణమును తరగతిలో చూపుట కష్టము. భక్తియు రసానుభవమును ఒకటే యని మేము చెప్పుట లేదు. చెప్పక విడిచినది చెప్పినదానిని ఎట్లు వెలిగించునో ఆ మూర్తి తెలుపుచున్నది.

రెండవది బెల్లము. చోడవరము చెరకు పండు సీమ. దాపుననే బెల్లపు వర్తకమునకు దేశప్రసిద్ధమైన అనకాపల్లి విపణి కలదు. చెరకురసమును కాచి, మడ్డి తీసి, దిమ్మలుగా పోయు రైతునకు రంగు ప్రాణప్రదము. లేతపసిడి వన్నెగల దిమ్మకు ధర హెచ్చు, నల్లనిదానికి తక్కువ. ఈ కారణముననే కాగుచున్న రసమున హైడ్రోస్ అను సోడియం హైడ్రోసల్ఫైటును కలుపు వాడుక పుట్టినది. రసమును శుభ్రపరచుటకు బెండ జిగురు వంటి పాత సాధనములు లేకపోలేదు. కాని కంటికి నచ్చు వన్నెను ఆ రసాయనము వెంటనే ఇచ్చును. ఆ వన్నె నిలువదు. నిలువయుంచిన కొలదిని అట్టి బెల్లము నల్లబడును.

ఇందు తప్పు రైతుదని తీర్పు చెప్పుట తొందరపాటు. రుచిచూడవలసిన వస్తువునకు కంటితో వెలకట్టిన విపణి ఆ పూతను కోరినది. రంగు ఒకనాడు మంచి బెల్లమునకు గురుతు. గురుతునకే ధర పలికిననాడు అది వస్తువును విడిచి వేరుగా అమ్ముడుపోయినది. కావ్యమునను ఇట్లే జరుగును. అలంకారము ఒకనాడు భావతీవ్రతకు గురుతు. గురుతునే లెక్కించి మెచ్చు పాఠకుడు పెరిగినకొలది, భావము లేని యలంకారమును చేయు కవియు పెరుగును. క్షణక్షణమును క్రొత్తదనము పొందుటయే రమణీయత స్వరూపమని మాఘుడు రైవతక పర్వత సందర్భమున భావించెను. పూతపెట్టిన దిమ్మయు, పూతపెట్టిన పద్యమును దీనికి విపరీతములు. మొదటి చూపున మెరసి, మలిచూపునకు వెలవెలబోవును. పునఃపునర్భావన యను పండితరాయల రెండవ కట్టుబాటు ఇచట గీటురాయి యగుచున్నది.

ఆయన మొదటి కట్టుబాటునకు గురజాడవారి కవితలు వ్యాఖ్యానములు. అప్పారావుగారు 1862లో, నేడు అనకాపల్లి జిల్లాలోనిదే యైన ఎస్. రాయవరమున జన్మించిరి. 1910లో ‘ముత్యాల సరములు’తో క్రొత్త నడకను ప్రారంభించిన ఆ కవి, సౌందర్యమును వర్ణించుటకంటె, దానిని లోకము చూచు చూపును వర్ణించుటయందు ఎక్కువ శ్రద్ధ వహించెను. పూర్ణమ్మ పూజారి యింటి పిల్ల. పూవులతో దుర్గను కొలుచుచు, పూవులతో పాటు పెరిగినది. కవితలో ఆమె సౌందర్యమునకు వేరుగా వర్ణనము అక్కరలేదు. ఆ పూవులకును, అన్నదమ్ములకును, కోవెలకును ఆమెతో గల పొత్తే ఆ సౌందర్యము. తండ్రి ధనమునకు లోబడి ఆమెను వృద్ధునకు కట్టబెట్టిననాడు ఆ పొత్తు తెగినది. పుత్తడిబొమ్మ యను మాట అంతవరకు ముద్దుమాట. ఆ వెనుక అది వెలకట్టిన వస్తువునకు పేరుగా వినబడి మనలను కలచును. మాట మారలేదు, చూపు మారినది. ధనమిచ్చెదననుటచే కలుగు సంతోషమును రమణీయత పొలిమేర దాటించిన పండితరాయల వివేకము ఇచట ఒక బాలిక ప్రాణముతో ముడిపడినది.

కన్యక కథలో చూపు రాజుది. దేవుని కొలువ బయలుదేరిన సెట్టి కూతురును చూచి ఆతడు కోరెను, కోరుటయే హక్కనుకొనెను. ఆమె అగ్నిలో దుమికి ఆ చూపునకు అందని దయ్యెను. ‘లవణరాజు కల’లో ఇందుకు ఎదురైన ఘట్టము కలదు. అచట రాజు సంఘము అస్పృశ్యమని త్రోసిన కులమున పుట్టిన కన్యను చూచి, ఆమె మంచితనము ముందు తన కులమునే విడువ సిద్ధపడును. కన్యకను చూచిన రాజు తాను మారక ఆమెను పొందగోరెను. లవణుడు ఆమె కొరకు తానే మారుటకు ఒప్పెను. మొదటిది కోరిక, రెండవది సౌందర్యదర్శనము. మూడు కవితలును కలిసి చెప్పునది ఇదియని మా యభిప్రాయము: అందము చూచువానిపై ఒక బాధ్యతను మోపును, దానిని మోయనివాడు చూచినది అందము కాదు.

అందము పొత్తే యైనచో, ఎవరి యందము వారిదే కదా, విమర్శ మెందులకని యొక యాక్షేపము రావచ్చును. ఒప్పునకు ఎదురుగా తప్పును నిలిపిన భాషలో ఈ యాక్షేపము నిలువదు. పొత్తు కుదురుటయు, కుదరకపోవుటయు కలవు. విపణి కంటిని చెరచగలిగినచో, విద్య దానిని బాగుచేయగలదు. సహృదయుడు పుట్టుకతో సిద్ధముగా వచ్చువాడు కాడు. కావ్యాభ్యాసముచే మనసనెడు అద్దమును తుడిచికొన్నవాడని అభినవగుప్తుడు ఏనాడో చెప్పెను.

కావున అందమునకు ఒక్క వాక్యమున లక్షణము దొరకకపోవుట శాస్త్రమునకు ఓటమి కాదు. పొత్తును ఒక కొసనే పట్టి కొలువ రాదు. మేము పరిశోధక విద్యార్థులకు మనవి చేయునది ఇంతియే. కావ్యమునందలి ఉపమల సంఖ్య తెలుపు పట్టిక సిద్ధాంత వ్యాసమునకు ముడిసరుకు కావచ్చును, ఫలితము కానేరదు. ఆ యుపమ దేనితో పొత్తు కుదుర్చుకొన్నది, ఏమి చెప్పక విడిచినది, మూడవసారి చదివినప్పుడు నిలిచినదా వెలసినదా యను మూడు ప్రశ్నలు వేసిన తరువాతనే అందమను మాటను వాడుట మేలు. అధ్యాపకుడును పద్యము బాగున్నదని చెప్పి ఊరకుండక, దేనికి ఒప్పినదో చెప్పవలెను. ఆ వాక్యమును పూరించు శ్రమయే విమర్శ.